ఊరు లేని దేశపటం

ఆ ఊరికి స్వాతంత్ర్యం రెండుసార్లు వచ్చింది. మొదటిసారి అందరికీ వచ్చినట్టే రేడియోలో వచ్చింది. రెండోసారి కాస్త ఆలస్యంగా, రేవు వీధిలో పటాల కొట్టు బల్ల మీద, కత్తెరతో వచ్చింది.

ఈ రెండో స్వాతంత్ర్యాన్ని చరిత్రకారులెవరూ పట్టించుకోలేదు. ఊళ్ళోని కాలేజీలో చరిత్ర గదికి దొరలు తగిలించి వెళ్ళిన పటం ఒకటుండేది. గుడ్డ మీద అంటించిన దళసరి కాగితం, గోడకి గోడంత. మధ్యలో మన దేశం, చుట్టూ సముద్రాలు, సముద్రాల అవతల ఆ దొరలే ఏలుతున్న తక్కిన దేశాలు. అన్నిటికీ ఒకటే ఇటుక రంగు. ఓడలు పోయే దారులకి చుక్కల గీతలు. దొరలు వెళ్ళేటప్పుడు కుర్చీలూ గడియారాలూ కుక్కలూ కూడా పట్టుకుపోయారు గానీ, ఈ పటం ఏ పెట్టెలోనూ పట్టలేదు. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు దాన్ని చూసి, "మన దేశానికి ఇంకా వీళ్ళ మధ్య ఏం పని?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చుట్ట చుట్టించి పటాల కొట్టుకి పంపించారు. దేశం ఒక్కటీ కోసి, తెల్ల అట్ట మీద అంటించి, అద్దం వేసి, రెండు కిటికీల మధ్య పట్టేలా ఫ్రేము కట్టమని ఉత్తర్వు.

కొట్టు యజమాని కొడుక్కి అప్పుడు మీసాలు రావాలా వద్దా అని ఆలోచిస్తున్న వయసు. నాలుక పళ్ళ మధ్య బిగబట్టి, సరిహద్దు వెంబడే కత్తెర నడిపించి, దేశాన్ని సామ్రాజ్యం లోంచి విడదీశాడు. రాజధానిలో పెద్దలు ఏళ్ళ తరబడి చర్చించి, జైళ్ళకెళ్ళి, నిరాహార దీక్షలు చేసి సాధించిన పనిని అతను ఒక్క పూటలో, అదీ మధ్యలో భోజనానికి లేచి కూడా, పూర్తిచేశాడు.

ఈ కథ అతని కూతురిది.

ఆమె ఆ కొట్టులోనే పెరిగింది. బొమ్మలతో ఆడుకోవలసిన వయసులో ఊళ్ళోవాళ్ళ తాతలతో ఆడుకుంది. ఫ్రేముకొచ్చిన ఫోటోలన్నీ వరసగా పేర్చి, ఈయన కోపిష్టి, ఈయన పిసినారి, ఈయన భార్యకి భయపడతాడు అని తీర్పులు చెప్పేది. పెద్దయ్యాక అదే కాలేజీలో, తండ్రి కోసిన దేశం ఎదురుగా కూర్చుని చదువుకుంది. మరికొన్నాళ్ళకి అదే గదిలో పాఠం చెప్పే ఉద్యోగం సంపాదించింది. విద్యార్థులు ఆమెకి పటాల మేడం అని పేరు పెట్టారు. ముందు చాటుగా అన్నారు, తర్వాత ఎదురుగానే అన్నారు, చివరికి జీతం ఇచ్చే గుమాస్తా కూడా అలాగే పిలవడంతో అది స్థిరపడిపోయింది.

ఓసారి పరీక్షలో 'మన దేశానికి తూర్పున ఏమున్నది?' అన్న ప్రశ్నకి ఒకమ్మాయి 'కిటికీ' అని రాసింది. స్టాఫు గదిలో ఆ పేపరు చేతులు మారి, అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. పటాల మేడం నవ్వలేదు, సగం మార్కు వేసింది. ఆ పిల్ల అబద్ధం రాయలేదు, చూసింది రాసింది. తప్పు తెల్ల అట్టది.

ఆ రాత్రి ఆమెకి ఇంకో సంగతి తట్టింది. తను చెప్పే చరిత్ర కూడా తెల్ల అట్ట మీద అంటించిందే. రాజులు నేల లోంచి మొలుస్తారు, చెరువులు తవ్విస్తారు, పోతారు. దొరలు ఒక అధ్యాయం చివర కిటికీలోంచి దూకి, ఇంకో అధ్యాయం చివర అదే కిటికీలోంచి వెళ్ళిపోతారు. ఈ మధ్యకాలమంతా మనవాళ్ళు కూర్చున్నచోటి నుంచి కదలరు. కానీ కొట్టులో తను ఆడుకున్న తాతలు కూర్చున్న బాపతు కాదే. ఇసుక ఎడారి ముందు తుపాకీ పట్టుకున్నవాడొకడు. చెరకుతోట ముందు కత్తి పట్టుకున్నవాడొకడు. ఓడలో బొగ్గు వేసేవాడు, పరాయి రేవులో పరాయి ఫోటోగ్రాఫరు గీయించిన తెర ముందు, అరువు కోటు తొడుక్కుని నిలబడ్డవాడు. ఊళ్ళో సగం మంది చరిత్ర సముద్రం మీద జరిగింది. వాళ్ళని మోసుకుపోయిన ఓడ పేరు సామ్రాజ్యం. ఆ ఓడెక్కి చూస్తే తప్ప ఈ దేశం ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చిందో కనబడదు.

అలా పుట్టింది ఆమె పాఠం: 'సామ్రాజ్యం మీదుగా మన దేశ ప్రపంచ చరిత్ర'. దాన్ని ఒక పేపరుగా పెట్టాలని రెండేళ్ళుగా సిలబసు బోర్డుకి అర్జీ పెట్టుకుంటూనే ఉంది. బోర్డు పెద్ద, రిటైరైన ప్రొఫెసరు, అప్పటి నుంచీ కొట్టేస్తూనే ఉన్నాడు. ఆయన్ని తేదీల మాస్టారనేవారు. ఎవరైనా పెళ్ళి శుభలేఖ ఇస్తే, ఆ తేదీన ఏ రాజు ఎవరి చేతిలో ఓడిపోయాడో చెప్పి దీవించేవాడు. పటాల మేడానికి స్వయంగా గురువు.

ఈసారి మాత్రం వ్యవహారం తాడోపేడో తేలేదాకా వచ్చింది. కొత్త సిలబసు అచ్చుకి వెళ్తోంది. ఒకసారి అచ్చయితే, ఆమె ఉద్యోగం అయిపోయేదాకా ఇక మారదు.

"దొరల్ని సాగనంపడానికి మా నాన్న జైలుకెళ్ళాడమ్మా," అన్నాడు తేదీల మాస్టారు, చరిత్ర గదిలో కూర్చున్న బోర్డు ముందు. "నువ్వు వాళ్ళని మళ్ళీ టైంటేబుల్లోకి పిలుస్తున్నావు."

"వాళ్ళని కాదు మాస్టారూ. వాళ్ళ ఓడలెక్కి పోయిన మనవాళ్ళని."

"పోయినవాళ్ళు పోయారు. దేశ చరిత్ర అంటే దేశంలో ఉన్నవాళ్ళది."

"దేశం అంటే ఎక్కడిదాకా మాస్టారూ?"

ఆయన విసుగ్గా గోడవైపు చెయ్యి చూపించాడు. "అదిగో, అక్కడిదాకా."

ఆమె చూసింది. పటం చూడగానే ఎవరైనా చేసే పనే తనూ చేసింది: సొంత ఊరు వెతుక్కుంది. కనబడలేదు. కొత్తేం కాదు, ఎప్పుడూ కనబడదు. కిటికీల మధ్య జాగా ఇరుకు కావడంతో తూర్పు తీరం ఫ్రేము చెక్కకి ఒరుసుకుని ఉండేది. ఊరు ఆ చెక్క కింద ఉందని ఊరంతా నమ్మకం. ఎన్ని తరాల విద్యార్థులో ఆ నమ్మకంతోనే పాసయ్యారు. ఆవేళ ఏ బుద్ధి పుట్టిందో, ఆమె కుర్చీ లాక్కుని ఎక్కింది. చెక్క వెడల్పు కళ్ళతోనే కొలిచింది. ఆ కాస్త చెక్క కింద ఊరు కాదు గదా, ఊరి పొలిమేర కూడా పట్టదు.

"ఏమిటమ్మా అది, కుర్చీ ఎక్కడాలు?" అన్నాడు ఇప్పటి ప్రిన్సిపాలు.

"అద్దం మురికిగా ఉందండి. తుడిపించి తెస్తాను," అంది.

పటం తిరిగొచ్చాకే చూద్దామని బోర్డు నిర్ణయం నెల్లాళ్ళు వాయిదా పడింది. దేశం రిక్షా ఎక్కి పటాల కొట్టుకి వెళ్ళింది.

కొట్టు ఇప్పుడు తమ్ముడిది. చెక్క పోయి అల్యూమినియం వచ్చింది. తండ్రి మాత్రం గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకి చెక్క గొప్పతనం చెప్పి, తమ్ముడి బేరాలు చెడగొడుతూ ఉండేవాడు. కాలేజీ పటం రిక్షా దిగడం చూసి ఆయన ముఖం వెలిగింది. కూతురు ఫ్రేము విప్పమనగానే వెలుగు ఆరింది.

"ఎందుకు విప్పడం? మేకు ఒక్కటి కదిలిందా? చెద పట్టిందా?"

"ఊరు కనబడట్లేదు నాన్నా."

"చెక్క కింద ఉంటుంది."

"లేదు."

తమ్ముడు మేకులు పీకాడు. ముగ్గురూ వంగి చూశారు. తీరం వెంట కత్తెర నడిచిన గీత నున్నగా, అందంగా ఉంది. ఊరున్నచోట ఆ నునుపు కోసం చిన్న వంపు తీసుకుంది. వంపులో ఊరు పోయింది. దేశానికి స్వాతంత్ర్యం ఇచ్చే తొందరలో ఆయన తన ఊరిని సామ్రాజ్యంలో వదిలేశాడు.

ముసలాయన వంపు మీద వేలు పెట్టి చూసుకుని, "ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదే," అన్నాడు, తప్పు అడగనివాళ్ళదైనట్టు.

"మరి ఊరెక్కడికి పోయింది నాన్నా?"

"ఎక్కడికి పోతుంది? సముద్రంతోపాటు పోయింది."

"సముద్రం ఎక్కడికి పోయింది?"

ఆయనకి కోపం వచ్చింది. "గుడ్డ వేసిన కాగితాన్ని పటాల కొట్టులో ఎవడైనా పారేస్తాడా? మంచి సరుకు. ఫోటోల వెనక వేశాను. అదీ నికార్సైన ఖాతాదార్లకే. తక్కినవాళ్ళకి అట్ట."

పటాల మేడం స్టూలు మీద కూలబడింది. ప్రపంచమంతా ఊళ్ళోనే ఉంది. తాతల వీపుల వెనక.

మర్నాటి నుంచీ ఆమె క్లాసు క్లాసులో జరగలేదు. "మీ ఇళ్ళల్లో పాత ఫోటోలున్నాయా? మా కొట్టు ముద్ర ఉన్నవి చూసి చెప్పండి. ఆ ఫోటోలో ఉన్నాయన ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చాడో కూడా కనుక్కోండి," అని విద్యార్థులకి పని పెట్టింది. సాయంత్రాలు తండ్రిని రిక్షాలో కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ముసలాయనకి వీధులు గుర్తులేవు, ముఖాలు గుర్తున్నాయి. "ఆ మెల్లకన్ను కంట్రాక్టరు ఇల్లేదీ? వాడి వెనక పడమటి సముద్రం ఉండాలి," అనేవాడు. సగం సార్లు ఉండేది. తక్కిన సగం సార్లు బట్టల కొట్టు క్యాలెండరు ఉండేది. ఒక ఇంట్లో గంభీరమైన తాతగారి ఫోటో విప్పితే, వెనక నుంచి ఆ కాలపు సినిమా తార బయటపడింది.

విద్యార్థులు నవ్వాపుకోలేక వీధిలోకి పరిగెత్తారు. ఆయన భార్య, తొంభై దగ్గరపడ్డ ముసలమ్మ, ఫోటోని తిప్పి చూసి, "బతికున్నప్పుడూ ఇంతే. ముందొకటి, వెనకొకటి," అని, "దాన్ని మీరు పట్టుకుపోండి, ఆయన్ని నాకుంచండి," అంది.

ఇంకో ఇంట్లో ఎవరూ నవ్వలేదు. 'కిటికీ' రాసిన అమ్మాయి ఇల్లది. గోడ మీద ముత్తాత, దొరల సైన్యం యూనిఫారంలో, ఛాతీ మీద పతకంతో. వెనక ఎడారి దేశం ఒకటి, ఇటుక రంగులో, చక్కగా దొరికింది. అమ్మాయి కనుక్కొచ్చిన సంగతి కూడా అక్కడిదే. ఆ దేశంలో జనం తమ భూములు తమకి ఇమ్మని వీధుల్లోకి వస్తే, దొర కాల్చమన్నాడు. కాల్చినవాళ్ళలో ముత్తాత ఒకడు. పతకం అందుకిచ్చిందే.

"మేడం, ఇది కూడా రాయాలా?" అంది అమ్మాయి.

"రాయాలి. మనవాళ్ళు దెబ్బలు తిన్నచోట్లే కాదమ్మా, కొట్టినచోట్లు కూడా మన చరిత్రే."

"రాయనీ," అంది లోపలి నుంచి నాయనమ్మ. "మా మామగారు ఫోటోకి తప్ప ఆ పతకం ఎన్నడూ పెట్టుకోలేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇప్పుడు మీ మేడం అడిగింది, అదీ మంచికే."

ఇలా సామ్రాజ్యం చరిత్ర గది నేల మీద ముక్కముక్కగా చేరసాగింది. ఒక్కో ముక్క పక్కన, ఆ ముక్క మోసిన మనిషి సంగతి విద్యార్థులు రాసి పెట్టారు. చెరకు దీవులు వచ్చాయి, వాటితో తిరిగిరాని మేనత్తలు వచ్చారు. రబ్బరు తోటల దేశం వచ్చింది, రైలు పట్టాలు పరచడానికి వెళ్ళి అక్కడే రెండో కాపురం పెట్టినాయన వచ్చాడు. నైరుతి మూల సముద్రం మాత్రం రాలేదు. అదొక పెళ్ళి ఫోటో వెనక ఉంది, ఆ దంపతులు విడిపోయారు, ఫోటో నీ దగ్గరుందంటే నీ దగ్గరుందని ఇప్పటికీ తగువు.

ఊరూ రాలేదు. బోర్డు మర్నాడు కూర్చుంటుందనగా కూడా రాలేదు. ముసలాయన తిండి మానేశాడు. "నా చేత్తో కోశాను తల్లీ, నా చేత్తోనే ఎవరికో ఇచ్చుంటాను," అని స్టూలు మీద కూర్చుని పైకి చూస్తూ ఉండిపోయాడు. పైన, గల్లాపెట్టె నెత్తిన, కొట్టు పెట్టిన ఆయన తండ్రి ఫోటో. ముసలాయన అలా చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి, "ఒరేయ్, నిచ్చెన తే," అని కొడుకుని కేకేశాడు.

తండ్రి కంటే నికార్సైన ఖాతాదారు ఎవరుంటారు? ఫోటో విప్పగానే తీరం ముక్క జారి బల్ల మీద పడింది. దాని మీద నల్లటి చుక్క, చుక్క పక్కన ఊరి పేరు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది," అన్నాడు తమ్ముడు.

"పిల్ల కాదురా, ఊరే," అంది పటాల మేడం, కళ్ళు తుడుచుకుంటూ.

తెల్లారగట్లే ముసలాయన చరిత్ర గదిలో జిగురు గిన్నెతో తయారయ్యాడు. సముద్రాలూ దేశాలూ కొత్త గుడ్డ మీద అతికించాడు. తన ఊరిని స్వహస్తాలతో ఒడ్డుకి చేర్చాడు. మధ్యలో దేశం ఆకారంలో ఖాళీ మిగిలింది. దేశాన్ని అందులో కూర్చోబెట్టాక అతుకు మీద పూయడానికి సన్న కుంచె, ఇటుక రంగు కూడా తెచ్చుకున్నాడు.

"రంగు వద్దు నాన్నా. అతుకు కనబడాలి."

ఆయన కుంచె పక్కన పెట్టాడు. "ఏమన్నావు?"

"కోసినట్టు తెలియాలి. మళ్ళీ కలిపినట్టూ తెలియాలి."

"మా నాన్న కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ ఈ చేతుల్లోంచి అతుకు కనబడే పని బయటికెళ్ళలేదు. నలుగురూ వచ్చి చూస్తారు. ముసలాడికి చెయ్యి వణికిందంటారు."

"నా కోసం, నాన్నా."

ఆయన కుంచె తీసి సంచిలో పెట్టేసుకున్నాడు, శవం దగ్గర కళ్ళజోడు తీసి పెట్టుకున్నట్టు. తెల్ల అట్ట నుంచి ఊడదీసిన దేశాన్ని ఉత్తి జిగురుతోనే ఖాళీలో కూర్చోబెట్టాడు.

బోర్డు వచ్చింది. ప్రిన్సిపాలు వచ్చి నేల మీద పరిచిన ప్రపంచం తొక్కకుండా గోడవారగా నడిచాడు. తేదీల మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మళ్ళీ వాళ్ళ మధ్యకే తెచ్చి పెట్టావా దేశాన్ని? దీనికోసమా అమ్మా నీకు చదువు చెప్పింది?"

"ముందు ఊరు చూడండి మాస్టారూ. ఇన్నేళ్ళూ మన దేశంలో మన ఊరు లేదు."

ఆయన వంగి చుక్కని చూశాడు. గోడ మీది పాత ఖాళీని చూశాడు. నలభై ఏళ్ళు ఆ పటం ముందు పాఠం చెప్పిన మనిషి.

"చెక్క కింద ఉందనుకున్నాను," అన్నాడు మెల్లిగా.

"అందరం అనుకున్నాం. మాస్టారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. మీ నాన్నగారు ఏ జైల్లో ఉన్నారు?"

"తెలియనట్టు అడుగుతావేం? దీవి జైలు. సముద్రం మీద పద్నాలుగు రోజుల ప్రయాణం."

"ఆ దీవి, ఆవేళ మీరు చెయ్యి చూపించిన పటంలో ఉందా?"

తేదీల మాస్టారు జేబులోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, ఆ వయసులో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చుక్కల గీత వెంబడి వేలు నడిపిస్తూ రేవు దాటి, తూర్పు సముద్రంలోకి వెళ్ళి, చిన్న ఇటుక రంగు మచ్చ దగ్గర ఆగాడు. అది ఒక కుట్టుపనివాడి అమ్మమ్మ ఫోటో వెనక దొరికిన ముక్క.

"మీ నాన్నగారు దేశం కోసం చేసిందంతా దేశం బయటే చేశారు," అంది పటాల మేడం. "దొరల పటం పక్కన పడేస్తే, దొరలతోపాటు ఆయనా పోతాడు. దేశాన్ని నేను వాళ్ళకి తిరిగి అప్పజెప్పట్లేదు మాస్టారూ. చూడండి, అతుకు దాచలేదు. ఎక్కడ కోసుకున్నామో తెలియాలి. కోసుకునే ముందు ఎక్కడెక్కడ తిరిగామో, ఎవరి చేత దెబ్బలు తిన్నామో, ఎవర్ని కొట్టామో, అదీ తెలియాలి. నా పేపరు అంతే."

తేదీల మాస్టారు చాలాసేపు దీవి మీంచి వేలు తియ్యలేదు. తర్వాత, తల ఎత్తకుండానే, "తేదీలుంటాయా ఇందులో?" అని అడిగాడు.

"ఓడ బయల్దేరిన ప్రతి తేదీ ఉంటుంది."

"అయితే సరే," అని చెయ్యి చాపాడు. లేవదీయడానికి అనుకుని ప్రిన్సిపాలు చెయ్యి అందించాడు. ఆయన దాన్ని పక్కకి తోసి, "చెయ్యి కాదయ్యా, కలం," అన్నాడు. మోకాళ్ళ మీదే కూర్చుని, తూర్పు సముద్రం మీద కాగితం పెట్టుకుని సంతకం చేశాడు. బోర్డులో తక్కినవాళ్ళు కూడా అక్కడికే వంగి వరసగా చేశారు. ఒక సామ్రాజ్యం మీద ఇంతమంది మోకరిల్లడం దొరలున్న రోజుల్లో కూడా ఆ ఊళ్ళో జరగలేదని తర్వాత స్టాఫు గదిలో చెప్పుకున్నారు.

పటం గోడకెక్కేటప్పుడు కిటికీల మధ్య పట్టలేదు. ఒక కిటికీ మూయించాల్సి వచ్చింది. స్టూలు తేదీల మాస్టారే పట్టుకున్నాడు. పైన ముసలాయన మేకు కొడుతూ, "మాస్టారూ, కదపకండి, పడితే నా తేదీ కూడా మీరే గుర్తుపెట్టుకోవాల్సొస్తుంది," అన్నాడు.

జూన్లో క్లాసు మొదలైంది. చరిత్ర గది చాలక గుమ్మంలో బెంచీలు వేశారు, ఆపైన వరండాలో వేశారు. పటం చూడటానికి ఊళ్ళోవాళ్ళూ వచ్చేవారు, తమ తాత వెనకది ఏ ముక్కో చూపించుకుని పొంగిపోయేవారు. మొదటి రోజే పటాల మేడం పాఠం మొదలుపెట్టబోతుంటే, ముసలాయన కర్ర పట్టుకుని పటం దగ్గర నిలబడి ఉన్నాడు. దేశం చుట్టూ సన్నగా కనబడుతున్న గీత మీద కర్ర ఆనించి, వచ్చినవాళ్ళకి వివరిస్తున్నాడు.

"చెయ్యి వణికిందనుకునేరు. కావాలనే కనబడేలా ఉంచాను. కోసిందీ తెలియాలి, కలిసిందీ తెలియాలి. అతుకు దాచేవాడికి పటాలు కట్టడం వచ్చుండచ్చు, చరిత్ర రాదు."

వెనక నుంచి ఎవరో అమ్మాయి, "మేడం, ఇది రాసుకోవాలా?" అని గుసగుసగా అడిగింది.

"రాసుకోండి," అంది పటాల మేడం, చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి, తనూ ముందు వరసలో కూర్చుంటూ.